కొత్తిల్లు ముందు, పాతిల్లు తరవాత

మా ఇంట్లో పదహారు మందిమి ఉండేవాళ్ళం. పదిహేను మంది నిజాలు చెప్పేవారు, వాటిని ఎవరూ వినేవారు కాదు. పదహారో దాన్ని నేను. కుళాయి దగ్గర బిందె కోసం జరిగిన తగువుని కూడా నేను చెబితే వీధిలో సగం మంది పీటలు తెచ్చుకుని కూర్చునేవారు. నా నోట్లో పడ్డాక ఆ సత్తు బిందె ఇత్తడిదయ్యేది, తగువులోకి పోలీసులు వచ్చేవారు, ఆఖర్న ఎవరో ఒకరు సముద్రంలో దూకబోయి చీర తడుస్తుందని ఆగిపోయేవారు. అంతా అబద్ధమని వినేవాళ్ళకి తెలుసు. తెలిసే వినేవారు. తెలిసి వినేవాళ్ళకి చెప్పిన అబద్ధం తప్పు కాదనే ధీమా మీద నా బతుకంతా నడిచింది. తరవాత బడిలో టీచరునయ్యాక పిల్లల దగ్గరా అదే పని చేశాను, జీతమిచ్చి మరీ చేయించుకున్నారు.

పోయిన నెల భీమిలిలో మా సింహాచలం చిన్నాన్న భార్య పోయింది. చిన్నాన్నంటే మా నాన్నకి ఆఖరి తమ్ముడు, నాకంటే ఆరేళ్ళే పెద్ద. పెద్దకర్మకి వెళ్ళాను. భోజనాలయ్యాక, వచ్చినవాళ్ళంతా బస్సులకి వెళ్ళిపోయాక, వసారాలో మేమిద్దరమే మిగిలాం. అప్పుడాయన ఒక సంగతి చెప్పాడు. అది విన్న దగ్గర్నుంచి నాకు కథ నోటికి రావడం లేదు. అందుకని ఈసారి జరిగింది జరిగినట్టు రాసి చూద్దామనుకుంటున్నాను. రంగులు వెయ్యడం అలవాటైన చెయ్యి, అక్కడక్కడా పడతాయి. ఒక మంగళవారం పొద్దుటి సంగతి మాత్రం ఉన్నదున్నట్టు రాస్తాను.

మాది గాజువాక అవతల వ్యవసాయపు ఊరు. ఉక్కు ఫ్యాక్టరీకి భూములు తీసుకుంటున్నారనీ, మా ఊరు కూడా ఆ గీత లోపలే ఉందనీ తెలిసిన ఏడాది, మా నాన్నకి పోర్టులో కళాసీ పని ఉండడంతో ఇంటిల్లిపాదీ వన్ టౌన్‌లో ఒక పాత ఇంటికి చేరాం. మూడు గదులు, చారెడు పెరడు. ముందు ఉల్లిపాయల గొడౌను, వెనక ఎండుచేపల కొట్టు. ముందు గదిలో పడుకున్నవాళ్ళకి కళ్ళమ్మట నీళ్ళు కారేవి, వెనక గదిలో పడుకున్నవాళ్ళకి కలలోకి పిల్లులు వచ్చేవి. మధ్య గదిలో తాత పడుకునేవాడు, అక్కడ రెండు వాసనలూ కలిసేవి. పెరట్లో ఆరేసిన బట్టల మీద పోర్టు నుంచి ఇనుపరాయి దుమ్ము వచ్చి వాలేది. మామ్మ మొదటి నెలంతా తాత పంచెల్ని బాది బాది ఉతికి, రెండో నెల నుంచి మనింటి తెలుపు ఇంతేలే అనుకుని ఊరుకుంది. పొలం అవతలి గట్టు మీదున్న మనిషిని అన్నానికి పిలిచే గొంతు ఆమెది, అది మూడు గదుల్లో ఇమడలేదు. పొద్దున్నే "అంబలి తాగండర్రా" అని మామ్మ కేకేస్తే, రేవులోకి వస్తున్న ఓడ తననే పిలిచారనుకుని తిరిగి కూత పెట్టేదని నేను కాలేజీలో చెప్పేదాన్ని. ఒక పిల్ల నమ్మి, మామ్మని చూడ్డానికి ఇంటికి కూడా వచ్చింది.

ఊళ్ళో చోడి అంబలి, అదే రాగి అంబలి, తాగితే మధ్యాహ్నం దాకా పని ఉండేది. ఇక్కడ అంబలి తాగి తాత ఖాళీగా కూర్చునేవాడు. అప్పలస్వామి తాతకి చేతులు పెద్దవి, ఒళ్ళో పెట్టుకుంటే ఇంకెవరివో తెచ్చి పెట్టినట్టుండేవి. కాసేపు కూర్చుని, లేచి పూర్ణా మార్కెట్‌కి నడిచేవాడు. అక్కడేమీ కొనేవాడు కాదు. ముల్లంగి కట్టో చిలగడదుంపో చేతిలోకి తీసుకుని, వేరుకంటిన మట్టిని బొటనవేలితో రాల్చి, నలిపి, వాసన చూసి, ఇది ఫలానా ఊరి సరుకని చెప్పేవాడు. కొట్టువాళ్ళు మొదట్లో విసుక్కున్నారు. నాలుగు సార్లు నిజమయ్యాక స్టూలు వేశారు. ఒకరోజు ఒక దుంప పట్టుకుని మధ్యాహ్నానికి ఇంటికొచ్చాడు. దాన్ని ఎవరినీ కడగనివ్వలేదు, వండనివ్వలేదు. కిటికీలో పెట్టుకున్నాడు. అది ఎండి ముడుచుకుపోయేదాకా అక్కడే ఉంది. ఎక్కడిదని మేమెవరం అడగలేదు.

ఇంటిమీద ఒకే బెంగ ఉండేది, ఒక కాయితం. క్యాంపు ఆఫీసుకి వెళ్ళి తాత దాని మీద వేలిముద్ర వేస్తే, ఇల్లూ పొలమూ ఒప్పగించినట్టు. బదులుగా కొత్త కాలనీలో ఇంటి జాగా ఇస్తారు, ఇంట్లో ఒకరి పేరు ఉద్యోగానికి రాసుకుంటారు. ఆ ఒకరు చిన్నాన్న. ఫిట్టరు పని నేర్చుకుని ఉన్నాడు. ఆనందపురంలో పిల్లని కూడా చూసేశారు, ఉద్యోగం పేరు చెప్పి మాట అనుకున్నారు. వేలిముద్ర వెయ్యకపోయినా భూమి ఎలాగూ పోతుంది, దాంతోపాటు జాగా, ఉద్యోగం కూడా పోతాయి. ఇదంతా నాన్న తాతకి రోజూ అన్నం దగ్గర చెప్పేవాడు. తాత వింటూ అన్నం కలుపుకునేవాడు. రేపెల్దాంలే అనేవాడు. అలా రేపులన్నీ అయిపోయి, ఆఖరి గడువు ఒక మంగళవారమని తేలింది.

ఆ రోజుల్లోనే మాకు సినిమాల పిచ్చి పట్టుకుంది. మార్కెట్‌కి దగ్గర్లో ఒక పాత హాలు, ఆదివారం పొద్దుటి ఆటకి ఇంగ్లీషు సినిమాలు వేసేది. అవి ఓడవాళ్ళు చూసి పారేసిన రీళ్ళని అనేవారు. ఒకసారి మా ఇంట్లో పిల్లలు పోస్టరు మీద పందిని చూసి వెళ్ళారు, తిరిగొచ్చి అది మనింటి సినిమాయే అన్నారు. మరుసటి ఆదివారం పదహారు మందిమీ వెళ్ళి నేల మీద కూర్చున్నాం. నిజమే. తెల్లవాళ్ళే గానీ, రైతులు. ఒక కూలిపోబోతున్న ఇల్లు, చుట్టూ పొలం, లోపల పదిమందో పన్నెండు మందో పిల్లలు, ఒక్కచోట నిలబడితే కదా లెక్కపెట్టడానికి. తల్లి గరిటె పట్టుకుని కేకేస్తే కోళ్ళు కూడా భోజనానికి వచ్చేవి. తండ్రి ఒకే కంచెని సినిమా అంతా బాగుచేస్తూ ఉండేవాడు, అది అలాగే పడిపోతూ ఉండేది. మూల కుర్చీలో ఒక ముసలాయన, ఆ ఇంటి తాత, ఎవరేం చేసినా తల అడ్డంగా ఊపేవాడు. మామ్మ ఆ తల్లిని చూసి, దీనికి నాకంటే గొంతు తక్కువే అంది. హాల్లో అందరూ నవ్వారు, తెర మీది వాళ్ళు కూడా అదే క్షణంలో నవ్వారు. ఇది నా రంగు కాదు, నిజంగానే జరిగింది.

అది ఒక్క సినిమా కాదని తరవాత తెలిసింది. అదే కుటుంబం మీద వరసగా తీసినవి అరడజనుకు పైగా ఉన్నాయట. నెలకో రెండు నెలలకో ఒకటి వచ్చేది. మా ఇంట్లో కాలేజీ మొహం చూసింది నేనొక్కర్తినే గనక, ఇంగ్లీషుని తెలుగు చేసే పని నాకు పడింది. ఇంటర్మీడియట్ మొదటి ఏడాది చదువుతున్నాను. మా ఇంగ్లీషు మేడమ్ మాట్లాడితేనే నాకు నాలుగో వంతు అర్థమయ్యేది, ఆ తెల్లరైతులు ముక్కుతో మాట్లాడితే ఏమర్థమవుతుంది? ఒక్క ముక్క తెలీలేదు. కానీ పక్కన తాత చెవి ఒగ్గి కూర్చున్నాడు. అందుకని చెప్పడం మొదలుపెట్టాను. ఆ తల్లికి మా మామ్మ పేరు పెట్టాను, కంచె కట్టేవాడికి మా పెద్ద మామయ్య పేరు. పెదాలు కదిలితే మాట, తలుపు కొడితే చుట్టం, ఉత్తరం వస్తే దుర్వార్త. మూడో సినిమాకి ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి తెర వదిలేసి నన్ను వినేవారు. సోడాలమ్మే అతను అమ్మకం మానేసి గోడకి ఆనుకునేవాడు. తాత ఒక్కడే తెర మీంచి కన్ను తిప్పేవాడు కాదు. ఆయన మనుషుల్ని అంతగా చూసేవాడు కాదు, వెనకాల పొలాన్నీ, పశువుల్నీ చూసేవాడు.

ఆ మొదటిదాని తరవాత వచ్చిన రెండు మూడింటిలో ఆ కుటుంబం పాత ఇంట్లో లేదు. ఒకదాంట్లో, ఊరి మధ్యలోంచి రైలుదారి వేస్తామని వాళ్ళ పొలం తీసుకున్నారు. పట్నంలో కొత్తిల్లిచ్చారు. మీట నొక్కితే దీపం, ఇంకోటి నొక్కితే నీళ్ళు, తెలీక ఇంకోటి నొక్కితే మంచం గోడలోకి వెళ్ళిపోయేది. హాలంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. ఆ ముసలాయన మాత్రం కొత్తింటి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి కాళ్ళకేసి చూసుకుంటున్నాడు. అది కూడా నవ్వించడానికే పెట్టి ఉంటారు. తాత నవ్వలేదు. ఆ వారమంతా ఆయన అన్నం సగంలో వదిలేశాడు.

గడువుకి ముందు ఆదివారం ఇంకో సినిమా వచ్చింది. చూస్తే అందులో వాళ్ళు పాత ఇంట్లోనే ఉన్నారు, అదే పొలం, అదే పడిపోయే కంచె. నాకు వెంటనే అర్థమైంది, హాలు వాళ్ళు రీళ్ళు ఏది ముందొస్తే అది వేస్తున్నారని. పిల్లలందరూ చిన్నవాళ్ళుగా ఉన్నారు, కొత్తింట్లో పరికిణీ కట్టేంత పెద్దదైన పిల్ల ఇక్కడ పాకుతోంది. అంటే ఇది ముందటి కథ. తాత నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఒలే గుంటా, ఈలు మల్లీ పాతింటికి ఎలాగొచ్చినారే?"

ఇది ముందు తీసిన సినిమా తాతా అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? కానీ నేను ఆయన మొహం చూశాను. ఏడాదిగా అలాంటి మొహం చూడలేదు.

"ఎనక్కిచ్చీసినారు తాతా. రైలుదారి పక్కూరికి మార్చీసినారట."

"ఊరికే ఇచ్చీస్తారేటి?"

కథకి కారణం కావాలి. అడిగినప్పుడు కారణం తడుముకోకుండా చెప్పడమే నా గొప్ప. ఇంట్లో ఉన్న కాయితం ఆ క్షణంలో నాకు గుర్తుందో లేదో, ప్రమాణం చేసి చెప్పలేను. కథ కుదిరింది, అంతే.

"ఆ ముసలాయన ఏ కాయితం మీదా ఏలిముద్ర ఎయ్యలేదు తాతా. ఎయ్యనోడి బూమి తీసుకోడానికి లేదట."

తాత నా మోచెయ్యి వదిలేసి, మళ్ళీ తెరకేసి తిరిగాడు. ఆ సాయంత్రం అన్నం మొత్తం తిన్నాడు, మారు అడిగాడు. చెయ్యి కడుక్కొచ్చి, తను మంగళవారం ఎక్కడికీ రాననీ, వేలిముద్ర వెయ్యననీ చెప్పాడు. ఎందుకని అడిగితే సినిమా సంగతి చెప్పాడు. నాన్న మొదట నవ్వాడు. తరవాత నవ్వలేదు. సోమవారం ఆయన మార్కెట్ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో పెద్దవాళ్ళందరూ వంతులవారీగా ఆయన పక్కన కూర్చుని లేచారు.

మంగళవారం పొద్దున్న ఏడింటికి చిన్నాన్న తలంటుకుని, దుమ్ము పడకుండా గదిలోనే ఆరేసుకున్న తెల్లచొక్కా తొడుక్కుని, గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. తాత పెరట్లో పీట మీద కూర్చున్నాడు. క్యాంపు ఆఫీసు వైపు బస్సు ఎనిమిదింటికి. నాన్న పోర్టులో సెలవు పెట్టాడు. ఉన్న పదహారు మందిమీ ఆ చారెడు పెరట్లో ఉన్నాం, మామ్మతో సహా ఎవరూ మాట్లాడ్డం లేదు. నాన్న నన్ను పిలిచి తాత ఎదురుగా నిలబెట్టాడు.

"తాత ముందర సెప్పు. ఆ సినిమాలో నిజంగా అలాగే ఉన్నాదేటే?"

నాన్న అడిగిన తీరులో కోపం లేదు. తప్పించుకునే దారి ఇచ్చి మరీ అడుగుతున్నాడు. లేదంటే ఒక దెబ్బ వేసి వదిలేస్తాడు, తాత బస్సెక్కుతాడు. అది నాకు అప్పుడే తెలుసు. కానీ లేదంటే, ఇన్ని ఆదివారాలూ ఇన్ని సినిమాలూ నేను చెప్పిందేదీ లేనట్టే. నా చుట్టూ మూగిన నేల తరగతి, గోడకి ఆనుకున్న సోడా మనిషి, ఇంగ్లీషు వచ్చిన పిల్లనని ఇంట్లో ఇచ్చే ఆ కాస్త మర్యాద, అన్నీ ఒక్క మాటతో పోతాయి. తాత నాకేసి చూస్తున్నాడు. గుమ్మంలోంచి చిన్నాన్న కూడా నాకేసే చూస్తున్నాడు.

"ఉన్నాది నాన్నా" అన్నాను.

తాత తల ఊపి, తుండుగుడ్డ దులిపి భుజం మీద వేసుకున్నాడు. ఎనిమిదింటి బస్సు వెళ్ళిపోయింది. పదింటి బస్సూ వెళ్ళిపోయింది. మధ్యాహ్నం చిన్నాన్న తెల్లచొక్కా విప్పి, మడత పెట్టి, పెట్టెలో పెట్టుకున్నాడు. ఆ రోజు ఇంట్లో అరుపులు లేవు. అరుస్తారని ఎదురుచూశాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, అన్నం కూడా వేళకే పెట్టారు.

తరవాతిది తొందరగా చెప్పేస్తాను, దీనికి నాకు రంగులు లేవు. ఊరు చదును చేశారు. తాత రెండు సార్లు వెళ్ళి చూసొచ్చాడు, మూడోసారి ఎక్కడ ఆగాలో తెలీక బస్సులోనే కూర్చుని తిరిగొచ్చేశాడు. మరుసటి వానాకాలంలో ఆ మధ్య గదిలోనే పోయాడు. ఆనందపురం వాళ్ళు మాట వెనక్కి తీసుకున్నారు. చిన్నాన్న ఆ పనీ ఈ పనీ చేసి, భీమిలి వైపు వెళ్ళి అక్కడే ఉండిపోయాడు, చాలా ఆలస్యంగా పెళ్ళి చేసుకున్నాడు. ఆ కుటుంబం సినిమాలు ఇంకో రెండు వచ్చాయి. మేమెవరం వెళ్ళలేదు. ఇప్పుడా హాలు ఉన్న చోట బట్టల కొట్లున్నాయి. ఇప్పుడు నాకు మధురవాడలో మూడు గదుల ఫ్లాటుంది, అవీ మూడు గదులే. ఇద్దరం ఉంటాం. మీట నొక్కితే దీపం వెలుగుతుంది, ఇంకోటి నొక్కితే నీళ్ళొస్తాయి, ఎండుచేపల వాసన గాని, ఉల్లిపాయల ఘాటు గాని రాదు. ఏ గదిలో మాట్లాడినా రెండో గదిలోకి వినిపించదు. పదహారు మందిలో ఇప్పుడు ఏడుగురం ఉన్నాం, ఏడు చోట్ల.

ఇన్నేళ్ళూ చిన్నాన్న నన్ను చూసినప్పుడల్లా బాగా మాట్లాడాడు. నా పెళ్ళికి చేపలు తెచ్చాడు. నా పిల్లల్ని ఎత్తుకున్నాడు. ఆ మంగళవారం సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మూర్ఖపు తాత సినిమా చూసి పాడుచేశాడని మా బంధువుల్లో అందరూ అనేవారు, నేను కూడా ఆ కబురుని రెండు మూడు చోట్ల రక్తి కట్టించి చెప్పాను. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

పెద్దకర్మ నాడు వసారాలో కూర్చుని నేనే మొదలుపెట్టాను. పిన్ని ఫోటోకి ఎదురుగా అబద్ధం ఆడబుద్ధి కాలేదో ఏమో. ఆ రోజు సినిమా సంగతి నేను తాతని మోసం చేశాను చిన్నాన్నా, పాపం ఆయన నమ్మేశాడు అన్నాను. ఆయన ఇల్లు రొయ్యపిల్లల్ని పెంచే హేచరీకి వెనకాల, గొట్టాల్లోంచి నీళ్ళు పడే చప్పుడు ఎప్పుడూ వినిపిస్తూ ఉంటుంది.

"ఆయన నమ్మలేదే" అన్నాడు.

నేను ఆయన వైపు జరిగాను.

"సోమారం పొద్దున్న నాను మార్కెట్టు కాడ ఆయన కాళ్ళట్టుకున్నాను. అప్పుడు సెప్పినాడు. కొత్తింటి సినిమాలో ఆలు పట్నం తోలుకొచ్చిన మచ్చల ఆవొకటున్నాది సూసినావా, దాని కొమ్ముల మీద ఈతకో గీత సొప్పున లెక్కెట్టినాను, ఆరు ఈతలయిపోనాయి దానికి. నిన్నటి సినిమాలో అదే ఆవు పెయ్య, ఇంకా ఈననేలేదు. ఏది ముందో ఏది ఎనకో నాకు తెలీదేట్రా అన్నాడు."

గొట్టాల్లో నీళ్ళు పడుతున్నాయి. మరి తెలిసి ఎందుకు కూర్చున్నాడని అడిగాను.

"నానూ అదే అడిగినాను. ఎనక్కెల్లినోలు ఉన్నారని ఇంతమందిలో నాకు సెప్పింది ఆ గుంటొక్కర్తే, అది అబద్దమే గానీ అది ఒక్కర్తే సెప్పింది అన్నాడు. రేపు అందరి ముందర మీ అన్న సేత దాన్నే అడిగిస్తాను, లేదంటే లేసి నీతో బస్సెక్కుతాను, ఉన్నాదంటే కూకుంటాను, నువ్వు మాత్తరం దానికి ఒక్క ముక్క సెప్పకు అని ఒట్టేయించుకున్నాడు."

అందుకే గుమ్మంలోంచి అలా చూశాడా అనుకున్నాను. ఇరవై రెండేళ్ళ మనిషి తన ఉద్యోగం, తన పెళ్ళి, తన తెల్లచొక్కా అన్నీ పదహారేళ్ళ పిల్ల నోటి మాట మీద పెట్టుకుని, పెదవి విప్పకుండా నిలబడ్డాడు. ఆ బరువు నా నాలుక మీద పెట్టిన ముసలాయన మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. ఆయన నన్ను పరీక్షించాడా, లేక తనని ఎవరో ఒకరు లేపాలని ఎదురు చూశాడా, ఇప్పుడెవరు చెబుతారు? నాకు అలవాటైన విద్యతో దానికి కూడా ఒక కారణం అల్లగలను, రెండు మూడు తయారుగానే ఉన్నాయి. అల్లలేదు. తాత ఆ రోజు నాకేసి చూసిన చూపు గుర్తు తెచ్చుకున్నాను. నేను నమ్మకం అనుకున్నది నమ్మకం కాదు. ఆయన అడుగుతున్నాడు.

లోపల గడియారం ఒంటిగంటన్నర కొట్టింది. చిన్నాన్న లేచి, దండెం మీద ఉన్న ఖాకీ చొక్కా తీసి తొడుక్కున్నాడు. ఆ హేచరీ గేటు దగ్గర ఆయన వాచ్‌మన్. భార్య పెద్దకర్మ నాడు కూడా సెలవు సగం రోజే ఇచ్చారట, రెండింటికి గేటు దగ్గర ఉండాలి. అరవై దాటిన వేళ్ళు, గుండీలు తొందరగా పట్టడం లేదు. నేను లేచి ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"లేదు చిన్నాన్నా. ఆ సినిమాలో అలాగ లేదు."

ఆయన ఆఖరి గుండీ పెట్టుకున్నాడు.

"ఇప్పుడెందుకే" అని, చెప్పులు తొడుక్కుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.